పసికందు రక్తంలో శిలీంధ్రం

నెలలు నిండకముందే పుట్టి ఇంక్యుబేటరులో ఉన్న శిశువుకు "రక్తంలో ఇన్ఫెక్షన్ చేరింది" అని వైద్యులు చెప్పినప్పుడు, కుటుంబంలోని వారు దాదాపుగా బ్యాక్టీరియా గురించే ఆలోచిస్తారు. ఇంకొంచెం బలమైన యాంటీబయాటిక్ వేస్తే తగ్గిపోతుందని ఆశపడతారు. చాలా సందర్భాలలో ఆ ఊహ సరైనదే. కాని కొందరు శిశువులలో రక్తంలో చేరినది బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రం. అంటే మనం బూజు, ఫంగస్ అని వ్యవహరించే జాతికి చెందిన సూక్ష్మజీవి. దాని మీద యాంటీబయాటిక్ ఎంత ఖరీదైనదైనా పనిచేయదు. పైగా అంతవరకు వాడిన యాంటీబయాటిక్సే దానికి దారి చూపి ఉండవచ్చు.

ఈ శిలీంధ్రాలలో ముఖ్యమైనది కాండిడా. ఇది మనకు కొత్తది కాదు. ఆరోగ్యవంతుల నోటిలో, ప్రేగులలో, చర్మం మీద నిశ్శబ్దంగా జీవిస్తూనే ఉంటుంది. పాలు త్రాగే బిడ్డ నాలుక మీద కనిపించే తెల్లని పూత చాలావరకు దీని పనే. అది సులభంగా నయమయ్యే చిన్న వ్యాధి. అదే జీవి రక్తంలోకి ప్రవేశిస్తే కథ వేరు. మూత్రపిండాలు, కన్ను, మెదడు, గుండె కవాటాల వరకు వ్యాపించగలదు.

పుట్టినప్పుడు 1500 గ్రాముల కన్న తక్కువ బరువున్న శిశువులకు, అందునా 1000 గ్రాముల లోపు వారికి ఈ ప్రమాదం ఎక్కువ. వారి చర్మం పల్చన. తల్లి నుండి రక్షక పదార్థాలు అధికంగా చేరేది చివరి మూడు నెలలలో కనుక, ముందే పుట్టిన వారికి ఆ నిధి అందదు. ఇక ప్రాణం నిలపడానికి అమర్చిన సాధనాలే ద్వారాలవుతాయి: పెద్ద రక్తనాళంలోకి పంపిన సన్నని గొట్టం, దాని గుండా ఎక్కించే క్రొవ్వు ద్రావణం, శ్వాసయంత్రపు గొట్టం. వీటికి తోడు అనేక రోజులు శక్తిమంతమైన యాంటీబయాటిక్స్, ముఖ్యంగా మూడవ తరం సెఫలోస్పోరిన్లు వాడితే, ప్రేగులలోని మేలు చేసే బ్యాక్టీరియా నశిస్తుంది. పైరు చచ్చిన చేనులో కలుపు మొలిచినట్లు శిలీంధ్రం విస్తరిస్తుంది.

అది శిశువు వద్దకు చేరే మార్గం ఏమిటి? ప్రసవ సమయంలో తల్లి నుండి కొంత రావచ్చు. ఆసుపత్రిలో మాత్రం ప్రధాన వాహనం మనుషుల చేయి. ఇందుకు మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధనా సంస్థలో 1996 ఏప్రిల్ నుండి 1998 ఫిబ్రవరి వరకు, 23 నెలల కాలంలో, 379 మంది నవజాత శిశువులు, పిల్లలు పికియా అనోమలా అనే అరుదైన ఈస్టు బారిన పడ్డారు. మట్టిలో, మొక్కల మీద, పండ్ల మీద ఉండే ఈ ఈస్టు మనుషులకు సోకడమే అరుదుగా ఉండేది. సిబ్బంది చేతుల ద్వారానే అది వ్యాపించి ఉంటుందని పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. చేతులు కడుక్కొనే అలవాటును పట్టుదలగా నేర్పి, నెలలు నిండని శిశువులకు నిస్టాటిన్, ఫ్లూకొనజోల్ మందులను ముందుగానే ఇవ్వసాగిన తరువాత గాని అది అదుపులోకి రాలేదు. ఈ సంగతినంతా ఆ సంస్థ వైద్యులే దాచకుండా 2001లో ప్రకటించారు. దాపరికం లేని ఆ నివేదిక ఎన్నో ఆసుపత్రులకు పాఠమైనదని నా నమ్మకం.

నిస్టాటిన్ గురించి ఒక ముచ్చట. ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి దీనిని వెలికితీసి 1950లో లోకానికి తెలిపారు. తాము పనిచేసిన న్యూయార్క్ స్టేట్ పేరు కలిసేలా నామకరణం చేశారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఈ మందు రక్తంలోకి దాదాపు చేరదు. ప్రేగులలోని ఈస్టును మాత్రం తగ్గిస్తుంది.

ఫ్లూకొనజోల్ విషయంలో వర్జీనియా విశ్వవిద్యాలయం వైద్యులు 2001లో ప్రకటించిన ప్రయోగం ప్రసిద్ధం. 1000 గ్రాముల లోపు శిశువులు 100 మందిలో సగం మందికి ఆ మందు, తక్కిన సగానికి మందు లేని ద్రావణం ఇచ్చారు. మందు పొందని వారిలో 10 మందికి శిలీంధ్ర వ్యాధి సోకింది. పొందిన వారిలో ఒక్కరికీ సోకలేదు. అయినా దీనిని ప్రతి శిశువుకూ ఇవ్వరు. విచ్చలవిడిగా వాడితే మందుకు లొంగని జాతులు పెరుగుతాయన్న భయం ఉన్నది. వ్యాధి తరచుగా కనిపించే విభాగాలలోనే, అతి తక్కువ బరువున్న వారికి వాడాలన్నది అమెరికా నిపుణుల సూచన. ఆ భయం ఊహామాత్రం కాదు. జపానులో ఒక వృద్ధురాలి చెవి నుండి గ్రహించి 2009లో వర్ణించిన కాండిడా ఆరిస్ తరచుగా ఫ్లూకొనజోల్‌కు లొంగదు. మంచాల మీద, పరికరాల మీద వారాల తరబడి బ్రతుకుతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో దానిని చేర్చింది.

వ్యాధిని గుర్తించడం కష్టం. శ్వాస మధ్యమధ్య ఆగడం, పాలు ఇమడకపోవడం, చక్కెర పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం వంటి లక్షణాలు బ్యాక్టీరియా వ్యాధిలోనూ ఉంటాయి. రక్తాన్ని కల్చర్ చేసినా దాదాపు సగం సందర్భాలలో శిలీంధ్రం పట్టుబడదు. అందుచేత వైద్యులు కొన్నిసార్లు ఫలితం రాకముందే ఆంఫోటెరిసిన్ బి ప్రారంభిస్తారు. మూత్రపిండాల మీద కన్నుంచి ఇవ్వవలసిన మందు అది. రక్తనాళంలోని గొట్టాన్ని వీలైనంత త్వరగా తీసివేస్తారు. రక్తం శుభ్రమైనదని తేలిన తరువాత కూడ రెండు వారాలు చికిత్స సాగుతుంది. "బిడ్డ బాగానే ఉన్నాడు కదా" అని మధ్యలో ఇంటికి తీసుకొనిపోవడం ఎంత అపాయమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

పురిటిగదిలోకి కాళ్ళు చేతులు కడుక్కొని గాని అడుగు పెట్టనివ్వని అమ్మమ్మలు మన ఇండ్లలో ఉండేవారు. ఆసుపత్రిలో కూడ బిడ్డను తాకే ముందు మోచేతుల వరకు సబ్బుతో కడుక్కోవాలి; ఉంగరాలు, గాజులు, వాచీ తీసివేయాలి. తల్లి తన పాలు పిండి పంపగలిగితే నరం ద్వారా ఆహారం ఎక్కించే రోజులు తగ్గుతాయి. "ఈ గొట్టం ఇంకా అవసరమా? ఈ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు?" అని వైద్యుని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. వ్యాధి తగ్గి ఇంటికి పంపేటప్పుడు కంటి పరీక్షకు, మెదడు స్కానింగుకు మరలా ఎప్పుడు రావాలో వ్రాయించుకొని, బిడ్డ చక్కగా పాలు త్రాగుతున్నా ఆ తేదీకి తప్పక తీసుకొని వెళ్ళాలి.