చక్రం బలమంతా చువ్వల బిగువులోనే

మన జాతీయ పతాకంలోని చక్రానికి 24 ఆకులు. ఎడ్లబండి చక్రానికి ఉన్నవీ ఆకులే. మోటారు సైకిలు దగ్గరకు వచ్చేసరికి అవి చువ్వలుగా, పుల్లలుగా, స్పోకులుగా మారిపోయాయి. ఒకే ఇంగ్లీషు మాటకు ఇన్ని తెలుగు మాటలు ఎందుకని అనువాదకుడు చికాకు పడవచ్చు. కాని చక్రం పనిచేసే తీరు చూస్తే, పేరు మారడంలో న్యాయం లేకపోలేదనిపిస్తుంది. బండి ఆకు బరువు కింద స్తంభంలా నిలబడుతుంది. మోటారు సైకిలు చువ్వ బరువును తాడులా లాగి పట్టుకుంటుంది. ఈ ఒక్క తేడా గ్రహించినవారికి చక్రాన్ని ఎంచుకోవడమూ, శుభ్రం చేయడమూ, రాబోయే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడమూ సులభమవుతాయి.

లాగుడు మీద నిలిచిన చక్రం

ఎగిరే యంత్రాల గురించి కలలుగన్న ఇంగ్లండు వాస్తవ్యుడు జార్జి కేలీ, వాటికి తేలికైన చక్రాలు కావాలని 1808లోనే బిగువైన తీగల చక్రాన్ని ఊహించాడు. 1874లో జేమ్స్ స్టార్లీ చువ్వలను ఒకదాని మీదుగా మరొకటి వాలుగా అల్లే పద్ధతికి పేటెంటు పొందాడు. నాభి నుండి నిటారుగా సాగే చువ్వ బరువు మోయగలదు కాని, నాభి తిరిగినప్పుడు ఆ మెలికను అంచుకు చక్కగా అందించలేదు. వాలు చువ్వ ఆ పని కూడా చేస్తుంది. ఇంజను తోసినా, బ్రేకు పట్టినా ఆ ఒత్తిడి అంతా ఈ అల్లిక గుండానే టైరుకు చేరుతుంది. 1885లో జర్మనీలో గోట్‌లీబ్ డైమ్లర్ తయారుచేసిన తొలి పెట్రోలు ద్విచక్రవాహనానికి మాత్రం ఇంకా కొయ్య చక్రాలే ఉండేవి.

చువ్వలన్నీ మొదటినుండీ బిగించే ఉంటాయి. బరువు పడినప్పుడు నేలవైపున్న చువ్వల బిగువు కొద్దిగా సడలి, చక్రం తిరిగి అవి పైకి వెళ్ళగానే మళ్ళీ యథాస్థితికి వస్తుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లనుకుంటే, కిలోమీటరుకు 500 సార్లు ప్రతి చువ్వా ఇలా సడలి బిగుస్తుంది. 10,000 కిలోమీటర్లకు 50 లక్షల సార్లు! బాగా బిగిసిన చువ్వకు ఇది లెక్కలోనిది కాదు. వదులైన చువ్వకు మాత్రం ప్రతి చుట్టూ ఒక కుదుపే. చివరకు నాభి దగ్గర వంపు తిరిగిన చోట లోహం అలసి విరుగుతుంది. దాని భారం పక్కవాటిమీద పడుతుంది. ఒక్క చువ్వే కదా అని ఉపేక్షించినవారికి కొద్దిరోజుల్లో నాలుగు విరగడం ఇందువల్లనే.

ఏది ఎంచుకోవాలి?

అచ్చుపోసిన అల్లాయ్ చక్రం వంకర పోకుండా ఉంటుంది, తుడవడం తేలిక, ట్యూబు లేని టైరు దానికి సహజంగా అమరుతుంది. పట్నపు రోడ్లమీద తిరిగేవారికి అది చాలు. గుంతల్లో, రాళ్ళమీద పెద్ద దెబ్బ తగిలినప్పుడు మాత్రం అది పగులుతుంది. పగిలిన చక్రాన్ని సురక్షితంగా బాగుచేయడం సాధారణంగా సాధ్యం కాదు. చువ్వల చక్రం ఆ దెబ్బకు కొంత వంగి, కొంత సర్దుకుంటుంది. వంగినా, అనుభవమున్న మెకానిక్కు ఏ చిన్న ఊళ్ళోనైనా బెండు తీసి ఇవ్వగలడు. లడఖ్ దారుల్లో వెళ్ళేవారు ఈనాటికీ చువ్వల చక్రాన్నే కోరడానికి కారణమిదే.

దాని లోపం ట్యూబు. మేకు దిగితే గాలి చువ్వల రంధ్రాల గుండా, వాల్వు పక్కనుండి వేగంగా పోతుంది. బండి అదుపు తప్పే ప్రమాదముంది. దీనికి విరుగుడుగా బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1987లో ఆర్ 100 జి.ఎస్. బండికి చువ్వలను రిమ్ము అంచులకే తగిలించింది. టైరు లోపలి భాగంలో రంధ్రాలే లేకపోవడంతో ట్యూబు అవసరం తప్పింది. మన దేశంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి 2024లో ట్యూబు అక్కరలేని చువ్వల చక్రాలు లభించాయి. వీటి ధర మాత్రం ఎక్కువ.

పాత చక్రానికి కొత్త చువ్వలు వేయించేటప్పుడు పొడవు, మందం, సంఖ్య తయారీదారు చెప్పినట్లే ఉండాలి. సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలికి మామూలు చువ్వలు త్వరగా తుప్పు పడతాయి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు మేలు. కొత్తగా అల్లించిన చక్రంలో చువ్వలు కుదురుకునేటప్పుడు కొంత సడలుతాయి కనుక, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మళ్ళీ చూపించడం మరచిపోకూడదు.

చెవితో పరీక్ష

ఇంజను ఆపి, బండిని నడిమి స్టాండు మీద నిలిపి, చువ్వలను ఒక్కొక్కటిగా స్క్రూడ్రైవరుతో సున్నితంగా తట్టండి. బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఇక చక్రాన్ని చేతితో తిప్పి, అంచు పక్కలకు ఊగుతున్నదేమో చూడండి. ఆ ఊగు 2 మిల్లీమీటర్లు దాటితే చాలా బండ్లకు బెండు తీయించక తప్పదు. ఒకటి రెండు చువ్వలు వదులైతే నిప్పిలును పావు చుట్టుకు మించకుండా బిగించవచ్చు. అంతకన్న ఎక్కువైతే మెకానిక్కు పని. ఒకచోట అతిగా బిగిస్తే రిమ్ము ఆ వైపుకు లాగబడుతుంది.

కడిగే పద్ధతి

చక్రాన్ని కడగడం పరీక్షలో భాగమే. మట్టి కింద దాగిన పగులు, తుప్పు, విరిగిన చువ్వ అప్పుడే కంటబడతాయి. ఎండలో తిరిగి వచ్చిన వేడి చక్రం మీద నీళ్ళు పోయవద్దు. చల్లారాక ముందుగా ధారాళంగా నీరు పోసి ఇసుకను పోనివ్వండి. లేకుంటే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. తరువాత సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో నాభి నుండి అంచువైపు తుడవండి. చువ్వలు దాటుకునే చోట్లకు, నిప్పిళ్ళకు పాత పళ్ళబ్రష్షు చక్కగా పనికివస్తుంది. గొలుసు చిమ్మిన జిడ్డుకు గుడ్డకు అద్దిన కొద్ది కిరోసిను చాలు. అది బ్రేకుకు, టైరుకు తగలకూడదు. క్రోమియం పూత మీది లేత తుప్పును తడిపిన అల్యూమినియం రేకుతో రుద్ది తీయవచ్చు. స్నానాల గది కడిగే ఆమ్లాలు, ఇనుప తీగల బ్రష్షు వాడితే మురికితోపాటు పూత కూడా పోతుంది. నీటి పంపు జోరును ఇరుసు వైపు తిప్పితే బేరింగులలోని గ్రీజు కొట్టుకుపోతుంది. చివరగా పూర్తిగా ఆరనివ్వాలి. నిప్పిలు మొదట్లో నిలిచిన తేమే తుప్పుకు పుట్టిల్లు. బయలుదేరగానే నెమ్మదిగా రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూసుకోండి. తడిసిన బ్రేకు మొదట సరిగా పట్టదు.

ఒక హెచ్చరిక మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఇంజను నడుపుతూ, గేరులో ఉంచి, తిరిగే చక్రానికి గుడ్డ పట్టి తుడవడం కొందరికి అలవాటు. గుడ్డ గొలుసులో చిక్కితే దానితోపాటు వేళ్ళూ పళ్ళచక్రంలోకి వెళతాయి. చేతితో తిప్పితే అయ్యే పనికి వేళ్ళను పణంగా పెట్టనవసరం లేదు.

కొంగు, పసిపాదం

చువ్వల మధ్యనున్న ఖాళీలో గాలి మాత్రమే దూరదు. చీర కొంగు, చున్నీ, వెనుక కూర్చున్న బిడ్డ మడమ కూడా దూరగలవు. వెనుక కూర్చున్నవారి దుస్తులు చిక్కకుండా వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం చెబుతోంది. అందానికి అడ్డమని దానిని ఊడదీయించేవారు, ఆ కంచె ఎవరికోసమో ఒక్క క్షణం ఆలోచించాలి.

చక్రం మెరిస్తే చూసేవారికి ముచ్చట. కాని మెరిసే చక్రాలన్నీ గట్టివి కావు. నెలకొకసారి, ఒక బకెట్టు నీళ్ళు, ఒక పాత గుడ్డ, అరగంట తీరిక వెచ్చించి చువ్వలను తట్టి చూడండి. మొద్దుగా పలికినదాన్ని ఆనాడే బిగించండి, లేదా బిగింపించండి. ఆ పని అయ్యాకే ఇంట్లోవారిని వెనుక కూర్చోబెట్టుకోండి.