గాలితెప్పలో పొడి ఆసనం

వాన వెలిసిన తరువాత బంజారా హిల్స్‌లోని బండల మీద నిలిచి చూడండి. అంతకుముందు ధారలుగా పారిన నీరు కొద్దిసేపటికే కనిపించదు. గ్రానైటు రాయి నీటిని పీల్చుకోదు. వాలుగా ఉన్నందువలన నిలువనీయదు. అందుచేత బండ త్వరగా ఆరిపోతుంది.

కాని జారిన నీరంతా ఏదో ఒక పల్లానికి చేరక తప్పదు గదా! 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుండపోతగా వాన కురిసినపుడు నగరంలోని పల్లపు వాడలు అనేకం మునిగిపోయాయి. టోలీచౌకీ వైపున నదీం కాలనీలో ఇండ్లలో చిక్కుకున్నవారిని పడవలలో బయటికి చేర్చవలసివచ్చినది. ఇటువంటి పనులకు గాలి నింపిన పడవలు, తెప్పలు ఎంతో ఉపయోగపడతాయి. రాళ్ళ మధ్య నురుగులు కక్కుతూ పారే నదులలో వినోదయాత్రకు వాడే తెప్ప కూడా ఈ జాతిదే. ప్రవాహం ఉద్ధృతంగా ఉన్నపుడు అలలు ఎగిరి లోపల పడతాయి. అందులోని వారు తడవకుండా కూర్చోవడం ఎలాగ? వృద్ధులను, పసిపిల్లలను తరలించేటపుడు ఇది సుఖానికి మాత్రమే కాదు, ఆరోగ్యానికి కూడా సంబంధించిన ప్రశ్న.

తడి వలన చలి ఎందుకు?

నిశ్చలమైన గాలి కంటే నీరు ఉష్ణాన్ని సుమారు 24 రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. తడి ఆసనం మీద కూర్చుంటే ఒంటిలోని వేడి నేరుగా దానిలోనికి పోతుంది. ఇది ఒక నష్టం. రెండవది ఇంకా పెద్దది. ఒంటి మీద ఉన్న ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. బట్టలలో అరకిలో నీరు ఉన్నదనుకొందాము. దానిని ఆరబెట్టే వేడినంతా శరీరమే ఇవ్వవలసివస్తే 290 కిలోకేలరీలు ఖర్చవుతాయి. మనిషి రోజంతా తినే ఆహారం నుండి వచ్చే శక్తి రమారమి 2000 కిలోకేలరీలు అనుకొంటే, ఇది అందులో ఏడవ వంతు! గాలి వీస్తే ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుంది. అందువలననే మన ఎండల దేశంలో కూడా వానలో తడిసినవారు వణుకుతారు.

పుట్టిలో నీరు

కృష్ణా, తుంగభద్రా తీరాల పుట్టిని మనం ఎరుగుదుము. అది వెదురుతో అల్లిన గుండ్రని బుట్ట. పూర్వం దానికి తోలు కప్పేవారు. తరువాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. పుట్టి అడుగు బయటి నీటిమట్టం కంటే కిందుగా ఉంటుంది. కనుక లోపల పడిన నీరు తనంతట తాను బయటికి పోలేదు. ముంతతో తోడిపోయవలసినదే. తొలినాటి గాలితెప్పల సంగతీ ఇంతే.

ఈ నీటి బరువు ఎంత ఉంటుంది? తెప్ప లోపలి అడుగు 3 చదరపు మీటర్లు అనుకొందాము. అందులో 10 సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలిస్తే 300 లీటర్లు, అనగా 300 కిలోగ్రాములు. పిలువకుండానే మరి ఐదుగురు ఎక్కి కూర్చున్నట్లే! పైగా ఈ ఐదుగురూ ఒకచోట కూర్చోరు. తెప్ప ఎటు ఒరిగితే అటే పరుగెత్తి దానిని మరింత ఒరుగజేస్తారు.

నీటిని నిలువనీయని అడుగు

1980ల నుండి తమంతట తామే నీటిని వదిలివేసే తెప్పలు ప్రచారంలోకి వచ్చాయి. వీటి అడుగున గాలి నింపిన మందమైన పరుపు ఉంటుంది. దాని అంచుల వెంట రంధ్రాలు ఉంటాయి. తెప్పకు రంధ్రాలా అని ఆశ్చర్యపోకండి. తెప్పను తేల్చేది అందులోని ఖాళీ కాదు, గొట్టాలలోను పరుపులోను బంధించిన గాలి. పరుపు పైభాగం బయటి నీటిమట్టం కంటే ఎత్తుగా ఉన్నంత కాలం లోపల పడిన నీరు రంధ్రాల గుండా పల్లానికి పోతుంది. బంజారా హిల్స్ బండ చేసే పనే ఇది కూడా చేస్తున్నది.

అయితే ఇక్కడ ఒక షరతు ఉన్నది. తెప్ప తన మొత్తం బరువుకు సమానమైన నీటిని తొలగించేవరకు మునుగుతుందని ఆర్కిమిడీస్ సూత్రం చెబుతున్నది. పరిమితికి మించి మనుషులను ఎక్కిస్తే పరుపు పైభాగం నీటిమట్టానికి దిగిపోతుంది. అపుడు అవే రంధ్రాల గుండా నీరు పైకి వస్తుంది. అందరి పాదాలూ తడుస్తాయి.

ఆసనం ఎలా ఉండాలి?

తెప్పకు అడ్డంగా ఉండే గాలిగొట్టం మీద కూర్చుంటే అడుగునున్న తడి అంటదు. కాని మనిషి ఎత్తుగా కూర్చున్నకొద్దీ గరిమనాభి పైకి పోయి తెప్ప ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. కనుక నీరు నెమ్మదిగా ఉన్నచోట గొట్టం మీద, సుడులు వచ్చినచోట అడుగున కూర్చోవడం మేలు. అడుగున కూర్చునేవారికి మెత్త వేయవచ్చును. కాని స్పాంజి పనికిరాదు. దానిలోని గదులు ఒకదానిలోనికి ఒకటి తెరచుకొని ఉండి నీటిని పీలుస్తాయి. లైఫ్ జాకెట్‌లో ఉండే నురుగుపలక వంటిది కావాలి. దాని గదులు వేటికవి మూసుకొని ఉండడం వలన నీరు చొరదు. లోపలి గాలి వేడిని పోనీయదు.

అప్పటికే తడిసినవారికి గాలి చొరని పలుచని పట్టాను, ముఖం వదలి, ఒంటికి కప్పితే ఆవిరి వేగం తగ్గి చలి తగ్గుతుంది. ఒడ్డు చేరగానే తడి బట్టలు మార్చాలి. ఎంత అసౌకర్యంగా ఉన్నా లైఫ్ జాకెట్‌ను మాత్రం విప్పరాదు.

తరగతిలో చేసి చూడండి

రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. ఒకదానిని అలాగే ఉంచండి. రెండవదాని అడుగున రంధ్రాలు చేసి, లోపల మందపాటి థర్మోకోల్ ముక్కను చుట్టూ కొద్ది సందు ఉండేట్లు అమర్చి, దారంతో డబ్బాకు కట్టండి. రెండింటినీ నీటి తొట్టిలో తేల్చి, ఒక్కొక్క గ్లాసు నీరు పోయండి. మొదటిది నీటిని మోస్తూ కిందికి దిగుతుంది. రెండవది వదిలివేస్తుంది. తరువాత థర్మోకోల్ మీద చిన్న రాళ్ళు ఒక్కొక్కటిగా పెట్టండి. ఎన్నవ రాయితో థర్మోకోల్ పైకి నీరు వచ్చినదో విద్యార్థుల చేత వ్రాయించండి. ఆ తెప్ప ఎందరిని పొడిగా మోయగలదో వారే చెప్పగలుగుతారు.