సూదికి జడియు రైతు సోదరులకు

గడచిన వానకాలమున గులాబిరంగు పురుగు లెక్క చూచుటకై మేము చిట్యాల మండలములోని పత్తి చేలలో తిరుగుచుండగా, మన సంఘ సభ్యుడొకరు మమ్ము గట్టు మీదికి పిలిచి, చెప్పదలచిన మాట పెదవి దాటక, కొంతసేపు వేపచెట్టు బెరడు గిల్లుచు నిలిచెను. నాలుగెకరముల పత్తి, ఎకరము మిరప సేద్యము చేయు గట్టివాడు. పొగరుబోతు కోడెను ముక్కుత్రాడు పట్టి నిలువరింపగలవాడు. తుదకు, "సార్, కిడ్నీలు ఖరాబైనయట. మిషన్ మీద పెట్టాలంటున్నరు. దానికి నేను భయపడ్త లేను. గా సూదంటేనే నాకు పానం పోతది. ఇంట్ల సుత చెప్పలే" అనెను.

మేము నవ్వలేదు. నవ్వుటకు మాకు అర్హతయు లేదు. చిన్ననాడు మిషను బడికి టీకాలు వేయువారు వచ్చిన దినమున, వరుసలో మా ముందు ఇంకను ముగ్గురు పిల్లలుండగనే కండ్లకు చీకట్లు క్రమ్మి నేలబడితిమి. తెలివి వచ్చి చూచునప్పటికి టీచరమ్మ అట్టముక్కతో విసరుచుండెను. అయినను ఆ దినమున గట్టు మీద ఆ సభ్యునికి మేము చెప్పినదేమి? "ధైర్యముగా నుండుము, అంతయు మేలగును" అని చెప్పి, పురుగుల లెక్క వ్రాసికొని, మోటారు సైకిలెక్కి వచ్చితిమి. ఎండుచున్న చేనితో పచ్చగా నుండుమని చెప్పి వచ్చుటయు ఇట్టిదే. ఈ భయమునకు ఉపాయములు కలవని మాకు తరువాత తెలిసినది. వానిని వ్రాయుటకే, విత్తనశుద్ధిని గురించి వ్రాయవలసిన ఈ పుటలను ఈ నెల తీసికొంటిమి.

వైద్యుడు ఆయనతో వైశాఖమాసములోనే స్పష్టముగా చెప్పియుండెను. మూత్రపిండముల శక్తి నానాటికి తగ్గుచున్నదనియు, కొన్ని నెలలలో డయాలసిస్ తప్పదనియు, ఇప్పుడే చేతికి ఫిస్టులా చేయించుకొమ్మనియు ఆయన మాట. మనవాడు విత్తులు పడిన తరువాత అనెను. కలుపు తీసిన తరువాత అనెను. మొదటి పత్తి ఏరిన తరువాత అనెను. ఇంటివారు పైకమునకు వెనుదీయుచున్నాడని తలచిరి. భార్య తన మెడలోని గుండ్లు తాకట్టు పెట్టుటకు కూడ సిద్ధపడినది. అడ్డమైనది పైకము కాదని ఆమెకు తెలియదు. కార్తికమాసములో ఒక రాత్రి కాళ్లు పొంగి, పడుకొన్నచో ఊపిరాడక, గోడ కానుకొని తెల్లవార్లు కూర్చుండెను. తెల్లవారి పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోగా, సూది గ్రుచ్చుటకు సిద్ధమైన చేయి లేనందున, వైద్యులు మెడలోని పెద్ద సిరకు గొట్టము వేయవలసి వచ్చెను. సూదికి జడిసి తప్పుకొన్నవానికి తుదకు మెడలో గొట్టము! ప్రాణము దక్కినది గాని, ఆ గొట్టము తడియరాదు, కదలరాదు. దాని మార్గమున సూక్ష్మక్రిములు రక్తములో ప్రవేశించు భయము ఫిస్టులా కంటె మిక్కిలి హెచ్చు. ఆయనకు మూడవ వారమున చలిజ్వరము వచ్చి మరల మంచము పట్టవలసి వచ్చెను. మేము గట్టు మీద ఆయనను విడిచి వచ్చిన దినము మాకు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను.

చూడనిదానికి భయము రెండింతలగును గనుక, మొదట యంత్రము సంగతి చెప్పెదము. చేతికి రెండు సూదులు గ్రుచ్చుదురు. ఒక దానిగుండ రక్తము వెలుపలికి వచ్చి, సన్నని గొట్టముల కట్టవంటి వడపోతలో పారి, మలినమును, మిగులు నీటిని అచ్చట విడిచి, రెండవ సూదిగుండ మరల దేహములోనికి పోవును. నిమిషమునకు సుమారు 200 నుండి 300 మిల్లీలీటర్లు, కొందరికి అంతకు మించియు పారును. "నా నెత్తురంత గుంజుతరు" అని మన పల్లెలలో అనుకొనుట మేము వింటిమి. అది నిజము కాదు. ఏ క్షణమున చూచినను దేహమునకు వెలుపల నున్న రక్తము రమారమి పావు లీటరు మాత్రమే. ఒక్కొక్క పర్యాయము నాలుగు గంటలు పట్టును. వారమునకు మూడు పర్యాయములు చేయుట మేలైన పద్ధతి. మన వైపున రెండింటితో సరిపెట్టుకొనువారు అనేకులు కలరు.

ఈ యంత్రమును 1943లో హాలండు దేశమున, జర్మనుల ఆక్రమణ కాలములో, విలెం కోల్ఫ్ అను వైద్యుడు నిర్మించెను. తిరుగు పీపా చుట్టును మాంసపు వంటకములకు వాడు సెల్లోఫేను గొట్టమును చుట్టి ఆయన రక్తమును వడకట్టెను. అప్పుడు ప్రతి పర్యాయము రక్తనాళమును కోసి గొట్టము పెట్టవలసి వచ్చెడిది. నాళములు తీరిపోయిన చికిత్సయు తీరిపోయెడిది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టమును చేతికే నిలిపి యుంచు ఉపాయము కనిపెట్టెను. 1966లో న్యూయార్కు వైద్యులు బ్రెషియా, సిమినో, వారి సహచరులు ఫిస్టులాను ప్రకటించిరి. నేటికిని అదియే మేలైన మార్గమని వైద్యులందురు.

ఫిస్టులా యనగా చేతిలో లోతుగా పారు ధమనిని, పైన కనబడు సిరతో శస్త్రచికిత్సచే కలుపుట. పెద్ద కాలువకు తూము పెట్టి పంట బోదెలోనికి నీరు వదలినచో బోదె కొన్ని వారములలో వెడల్పగును గదా! అట్లే ఆ సిరయు లావై, గోడలు గట్టిపడి, సూదికి తగినదగును. ఇందుకు సాధారణముగ ఆరు వారములైనను పట్టును, కొందరికి రెండు మూడు నెలలు. ఈ కాలమును అప్పు తెచ్చుకొనుటకు వీలు లేదు. అందుచేతనే వైద్యుడు ముందుగా తొందరపెట్టును. ఆ చేతిపై వ్రేళ్లు ఆనించినచో, పారుచున్న మోటారు పైపుపై చేయి పెట్టినట్లు సన్నని కంపము తెలియును. ప్రతి ఉదయము దానిని చూచుకొనవలెను. కంపము ఆగినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఆ చేతికి రక్తపుపోటు పట్టీ కట్టనీయరాదు, పరీక్షకు రక్తము తీయనీయరాదు, బిగుతు గాజులు, గడియారములు పెట్టరాదు, దానిని తలక్రింద పెట్టుకొని నిద్రింపరాదు. మనవారికి కష్టమైనది మరియొకటి గలదు: ఆ చేత బస్తా ఎత్తరాదు.

ఇక సూది. దానిని గేజితో కొలుతురు. కంచె తీగ కొనువారికి ఈ లెక్క తెలిసినదే, అంకె పెరిగిన కొలది తీగ సన్నమగును. చేతి కండకు సూదిమందు ఇచ్చు 23 గేజి సూది మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు లోపలి లావు. డయాలసిస్ సూది 17 మొదలు 15 వరకు, అనగా ఒకటిన్నర మొదలు సుమారు రెండు మిల్లీమీటర్ల లావు గలది. నొప్పి యుండదని మేము చెప్పము. కాని తొలి దినములలో 17 గేజి సన్నసూదితో ఆరంభించుట వాడుక. గ్రుచ్చు నిమిషము దాటి పట్టీ అంటించిన పిదప, చేయి కదలనీయనిచో చాలమందికి ఆ నొప్పి నిలువదు. తీసిన పిదప పది పదునైదు నిమిషములు అదిమి పట్టినచో రక్తము నిలుచును.

ఆ ఒక్క నిమిషపు నొప్పికి కూడ మందు గలదు. లిగ్నొకెయిను, ప్రిలొకెయిను కలిపిన తిమ్మిరి లేపనమును, గ్రుచ్చుటకు గంటకు తక్కువ కాకుండ ముందుగా చర్మముపై మందముగా పూసి, పైన ప్లాస్టికు పొర కప్పి యుంచవలెను. గడువుకు ముందు తుడిచిన ఫలము లేదు. ఆసుపత్రికి చేరిన తరువాత పూసి, "ఏమి పని చేయలేదు" అనువారు కలరు. మందు చల్లిన అరగంటలోనే పురుగు చావలేదని మాకు ఫోను చేయువారును ఇట్టివారే. ఎచ్చట పూయవలెనో నర్సునడిగి, వైద్యుని అనుమతితో ఇంటివద్దనే పూసికొని బయలుదేరుట మంచిది.

ఇక అసలు భయము. ఇది పిరికితనము కాదు, దేహధర్మము. కుటుంబములలో తండ్రి నుండి బిడ్డలకు వచ్చుటయు కలదు. పామును చూచి జడిసినవానికి గుండె వడి హెచ్చి, రక్తపుపోటు పైకి పోవును. సూదికి, రక్తమునకు జడియువారిలో అనేకులకు మొదట పోటు పైకెక్కి, వెంటనే ధడాలున దిగును, మెదడుకు రక్తము చాలక మూర్ఛ వచ్చును. మేము బడిలో పడినది ఇందుచేతనే. ఇట్టివారికి "వదులుగా పడుకొనుము, మెత్తబడుము" అను సలహా పనికిరాదు, పోటు మరింత దిగును. స్వీడను దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు లార్స్-గోరాన్ ఓస్ట్ 1980ల దశకములో దీనికి విరుద్ధమైన ఉపాయమును పరీక్షించి మంచి ఫలితము పొందెను. సూది లేని చేతిని, కాళ్లను, పొట్టకండలను పది పదునైదు సెకండ్లు, ముఖము వెచ్చనగు వరకు, బిగబట్టవలెను. పిదప ఇరువది ముప్పది సెకండ్లు మామూలు స్థితికి వదలవలెను. ఇట్లు అయిదు పర్యాయములు చేసినచో పోటు నిలబడును. ఇంటివద్ద వారము దినములు రోజుకు కొన్ని పర్యాయములు అభ్యసింపవలెను. గుండెజబ్బు గలవారు, రక్తపుపోటు హెచ్చుగా నున్నవారు వైద్యునడిగి గాని చేయరాదు. సూది గ్రుచ్చు చేతిని మాత్రము ఎన్నడును బిగింపరాదు. మూర్ఛ రాక, గుండె దడ మాత్రమే గలవారికి మెల్లగా దీర్ఘముగా ఊపిరి విడుచుటయే చాలును.

దీనితోపాటు కోడెను కాడికి అలవాటు చేయు పద్ధతిని కూడ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మొదటి దినమే మెడపై కాడి వేసి బరువు లాగింపుము గదా. కాడిని వాసన చూడనిత్తుము, ఊరక మెడపై పెట్టి తీయుదుము, పిదప వట్టి బండి. అట్లే చికిత్స ఆరంభమునకు కొన్ని వారముల ముందే డయాలసిస్ గదికి ఒక పర్యాయము ఊరక పోయి రావలెను. మరియొక దినము మూతతోనున్న సూదిని చూడవలెను, పిదప చేతపట్టవలెను. చికిత్స పొందుచున్న వారితో ఒక గడియ మాట్లాడవలెను. ఒక్కొక్క మెట్టు వద్ద దడ తగ్గు వరకు నిలిచి, తరువాతి మెట్టుకు పోవలెను.

మా సభ్యునికి మెడగొట్టము ఉండగనే మార్గశిరములో ఫిస్టులా చేసిరి. ఆయన గొట్టముతో వారమునకు రెండు దినములు ఆ గదిలోనే పడుకొనవలసి వచ్చెను గనుక, చూచి చూచి కొంత అలవాటు పడెను. అయినను అసలు మాటను నర్సమ్మకు చెప్పుటకు ఆయనకు నోరు రాలేదు. ఆ పని మేము చేసితిమి. మేము ఎంతయో పీఠిక చెప్పబోగా ఆమె మధ్యలోనే, "అయ్యో కాకా, గిది ముందుగాల చెప్పొద్దా? ఈడ సగం మందికి గదే భయం" అనెను. పిమ్మట ఆమె చేసినవి చిన్న పనులే. కూర్చుండబెట్టక పడుకోబెట్టి గ్రుచ్చుట, గ్రుచ్చుటకు ముందు ఒకటి రెండు మూడు అని లెక్కించుట, సూదుల పళ్లెమును కంటికి కనబడకుండ పెట్టుట, అనుభవము గలవారే తొలి సూది వేయుట. అడిగినచో ఇవి ఎచ్చటనైనను లభింపదగినవి. అడుగనివాని భయము నర్సుకు ఎట్లు తెలియును? నొప్పి తెలియదని ప్రతి దినము ఒకే చోట గ్రుచ్చుమని మాత్రము బలవంతము చేయరాదు. అచ్చట సిర పలుచబడి బుగ్గవలె ఉబ్బును.

ఇన్ని చేసినను సూది సహింపలేనివారు పొట్టలోని పొర ద్వారా చేయు డయాలసిస్ సంగతి వైద్యునడుగవచ్చును. దానికి పొట్టకు మెత్తని గొట్టము ఒక్క పర్యాయము అమర్చి, ఇంటివద్దనే దినమునకు కొన్ని పర్యాయములు ద్రవపు సంచులు మార్చుకొందురు. ప్రతి పర్యాయము సూది లేదు. కాని శుభ్రత లోపించిన పొట్టలో చీము పట్టును. అందరికిని అది సరిపడదు.

ఇది పట్టణములలోని చక్కెరవ్యాధి గలవారి తంటా, మనది కాదు అని ఎవరైన అందురేమో. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపుల కొబ్బరి, జీడిమామిడి తోటలలో పనిచేయువారికే చక్కెర లేక, రక్తపుపోటు లేక మూత్రపిండములు చెడుచున్నవి. కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై ప్రత్యేకముగా 200 పడకల ఆసుపత్రి తెరచిరి. మన వైపున చేయదగిన జాగ్రత్త ఒకటి గలదు. ఒళ్లునొప్పుల బిళ్లలను చాక్లెట్టువలె మ్రింగుట మానవలెను. ఖర్చు విషయమున, 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ క్రింద డయాలసిస్ చేయుదురు. 2016లో ప్రకటింపబడిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమము వలన జిల్లా ఆసుపత్రులలోను యంత్రములు వచ్చినవి.

మాఘమాసములో మా సభ్యునికి తొలిసారి చేతికి సూదులు వేసిన దినమున మేము ప్రక్కనే నిలిచితిమి. ఆయన కాళ్లు బిగబట్టి, పైకప్పు వైపు చూచుచు, మొదటి సూదికి పెదవి కొరికెను, రెండవదానికి కొరుకలేదు. రక్తము గొట్టములో ఎఱ్ఱగా ప్రాకుట చూచిన మాకు మాత్రము చెమటలు పట్టెను. నర్సమ్మ మమ్ము చూచి, "సార్, మీరు కూసోండ్రి" అని స్టూలు జరిపినది. పడుకొన్నవాడు పకపక నవ్వెను.

పదునైదు దినముల పిదప మెడగొట్టము తీసివేసిరి. భార్యకు ఇప్పుడు అంతయు తెలియును. లేపనము పూసి పొర కప్పునది ఆమెయే. మొన్న ఆయన మాకు ఫోను చేసి కోరినది ఒక్కటే: వచ్చు వానకాలమున తన చేనిలో ప్రదర్శన పెట్టుటకు అభ్యంతరము లేదు గాని, రైతులను పిలుచు దినము సోమ, గురువారములలో పెట్టవద్దట.