టెక్స్‌కోకో సరస్సు

మెక్సికో రాజధాని నేడున్న తావున పూర్వము టెక్స్‌కోకో అను విశాలమైన సరస్సు ఉండెడిది. నాగజెముడుపై గ్రద్ద వ్రాలిన చోట నగరము కట్టుకొనుడని అజ్టెక్కులకు వారి దైవము ఆనతిచ్చెనట. సరస్సులోని దీవిపై ఆ గుర్తు కనబడగా, 1325 ప్రాంతమున వారచట టెనోచ్టిట్లాన్ నగరమును నిర్మించిరి. అడుగు బురదను తోడి, చినాంపాలను మళ్లు పోసి, మొక్కజొన్న పండించిరి. ఉప్పునీరు మంచినీటితో కలియకుండ పొడవైన అడ్డుకట్ట వేసిరి.

1521లో స్పెయినువారు నగరమును జయించిరి. వరదలకు వెరచి, 1607లో నీటిని వెడలింప సొరంగము త్రవ్వనారంభించిరి. ఐనను 1629 నాటి వరద యేండ్ల తరబడి నగరమును విడువలేదు. తుదకు 1900లో తెరచిన మహాకాలువతో సరస్సు చాలవరకు అదృశ్యమయ్యెను.

ఫలితమేమి? భూగర్భజలమును తోడుకొలది అడుగునున్న బంకమన్ను అణగుచున్నది. నగరము కొన్నిచోట్ల ఏటేట అడుగునకు పైగా క్రుంగుచున్నది. శత్రువని వెడలగొట్టిన నీరే నేడు కరవైనది. సోచిమిల్కోలో మాత్రము అజ్టెక్కుల నాటి తీరున నీటిమళ్లు నేటికిని పచ్చగా నున్నవి.