ఆరు చిల్లులా, ఎనిమిదా?

పాడైన మైక్రోవేవ్ ఓవెన్ విప్పితే లోపల అరచేతిలో పట్టే డబ్బా ఒకటి కనిపిస్తుంది. చుట్టూ పల్చటి అల్యూమినియం రేకులు, పైనొకటి కిందొకటి నల్లటి అయస్కాంతపు బిళ్లలు. ఆకివీడులో పాత సామాన్ల కొట్టుకు ఓవెన్ వచ్చిందంటే పిల్లలు ఎగబడేది ఆ బిళ్లల కోసమే. మా క్లాసులో ఒకమ్మాయి వాటిని తెచ్చి బల్ల మీద పెట్టి, "సార్, వేడి చేసే పెట్టెకు అయస్కాంతం దేనికండీ?" అంది. ఇరవై ఏళ్లుగా ఎవరో ఒకరు అడగకపోతారా అని నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అది.

ఆ డబ్బా పేరు మాగ్నెట్రాన్. దాన్ని తయారుచేసింది కూర వేడి చేసుకోడానికి కాదు, యుద్ధంలో రాడార్ కోసం.

1940 నాటికి బ్రిటన్ దగ్గర రాడార్ ఉంది. కానీ తీరాన్ని కాసే ప్రధాన రాడార్ తరంగం పొడవు పది మీటర్ల పైమాటే. అంత పొడుగు తరంగాన్ని ఒక దిక్కుకు గురిపెట్టాలంటే ఏంటెన్నా కూడా ఆ లెక్కలోనే ఉండాలి. అందుకే ఇంగ్లాండ్ తీరం పొడవునా 110 మీటర్ల ఇనుప టవర్లు పాతారు. విమానం ముక్కులో పట్టే ఏంటెన్నాతో తరంగాన్ని సన్నగా గురిపెట్టాలంటే దాని పొడవు పది సెంటీమీటర్లకు దిగాలి. అంత పొట్టి తరంగాల్ని పుట్టించే గొట్టాలు అప్పటికి లేకపోలేదు. వాటి సత్తువే చాలదు.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆలిఫాంట్ బృందానికి నౌకాదళం ఈ పని అప్పజెప్పింది. బృందంలో పెద్దలంతా క్లిస్ట్రాన్ వెంట పడ్డారు. అమెరికాలో వేరియన్ సోదరులు 1937లో కనిపెట్టిన గొట్టం అది. అందరి ఆశా దాని మీదే. జాన్ రాండాల్, హ్యారీ బూట్ అనే ఇద్దరికి మాత్రం వేరే ఏదో చిన్న పని ఇచ్చి పక్కన పెట్టారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ పక్కన పెట్టడమే. పెద్ద బల్ల దగ్గర చోటు దొరకనివాళ్లకు ఆలోచించడానికి తీరిక దొరికింది.

రాండాల్ 1939 వేసవిలో సెలవులకు వేల్స్ వెళ్లి, పాత పుస్తకాల కొట్లో హెర్ట్జ్ రాసిన పుస్తకం కొనుక్కున్నాడు. రేడియో తరంగాల్ని పట్టడానికి హెర్ట్జ్ వాడింది చిన్న సందు వదిలిన తీగ చుట్ట. ఆ చుట్టను అలాగే నిలువుగా సాగదీస్తే? పక్కన చీలిక ఉన్న గొట్టం అవుతుంది. రాగి దిమ్మలో చిల్లు పొడిచి, పక్కన ఒక గాడి కోస్తే సరిగ్గా అదే. అలాంటి చిల్లులు ఆరు, నడుమ ఖాళీ చుట్టూ పొడిచి, ఆరు గాడుల్నీ ఆ ఖాళీలోకి తెరిచారు. ఖాళీ మధ్యలో వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలే కేథోడ్. మొత్తాన్ని అయస్కాంతం రెండు కొనల నడుమ పెట్టారు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. అయస్కాంతం లేకపోతే ఎలక్ట్రాన్లు కేథోడ్ నుంచి నేరుగా రాగి గోడకు పోయి గుద్దుకుంటాయి. కథ అక్కడితో సరి. అయస్కాంత క్షేత్రం వాటి దారి వంచుతుంది. పోదామనుకున్నవి పక్కకు తిరిగి, కేథోడ్ చుట్టూ గిరగిరా తిరిగే మబ్బుగా మారతాయి. ఆ మబ్బు తిరుగుతూ ఒక్కో గాడి నోటి ముందు నుంచీ సాగిపోతుంది. గోలీసోడా సీసా మూతికి అడ్డంగా ఊదితే మన ఊపిరిలో లేని స్వరం సీసాలోంచి వస్తుంది కదా, ఇక్కడ ఊపిరి ఎలక్ట్రాన్లు, సీసా రాగి చిల్లు. స్వరమెంతో నిర్ణయించేది చిల్లు కొలతే. దిమ్మను బెజ్జం మిషను మీద ఒకసారి కచ్చితంగా తొలిస్తే చాలు, తరంగం పొడవు అక్కడే ఖాయమైపోతుంది.

సీసా పోలిక ఇంతవరకే పనికొస్తుంది. అసలు తెలివి ఆ తర్వాత ఉంది. చిల్లుల్లో డోలనం మొదలవగానే గాడుల ముందు విద్యుత్ క్షేత్రం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు ఎదురుపడి తన శక్తిని క్షేత్రానికి ఇచ్చేసిన ఎలక్ట్రాన్ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే దాని మీద అయస్కాంతం పట్టూ తగ్గి, అది ఇంకాస్త బయటికి జరుగుతుంది. అక్కడ మళ్లీ శక్తి ఇస్తుంది, మళ్లీ జరుగుతుంది, చివరికి గోడను చేరుతుంది. క్షేత్రం దగ్గర శక్తి లాక్కున్న ఎలక్ట్రాన్ సంగతి తలకిందులు. దాని వేగం పెరిగి, దారి ఎక్కువ వంగి, తిరిగి కేథోడ్ మీదే పడుతుంది. ఇచ్చేవి ఎంతోసేపు ఉంటాయి, పుచ్చుకునేవి వెంటనే వెళ్లగొట్టబడతాయి. ఎవరూ దగ్గరుండి ఏరనక్కర్లేదు. అయస్కాంతమూ క్షేత్రమూ కలిసి వాటంతట అవే ఏరేస్తాయి. లోహపు దిమ్మలో ఇంత మంచి పంపకం మరోటి నేనెరగను.

1940 ఫిబ్రవరి 21న మొదటిసారి మీట వేశారు. లోపలి గాలిని పంపుతో లాగుతూనే ఉండాలి, సందులకు లక్క పూశారు. తంతి కొసకు కట్టిన కారు హెడ్‌లైటు బల్బులు భగ్గున వెలిగి మాడిపోయాయి. కొలిస్తే సుమారు 400 వాట్లు, తరంగం 9.8 సెంటీమీటర్లు. క్లిస్ట్రాన్ బల్ల దగ్గర ఆరోజు ముఖాలెలా ఉన్నాయో ఊహించుకోవచ్చు.

తర్వాత వెంబ్లీలోని జీఈసీ ప్రయోగశాలలో ఎరిక్ మెగా దాన్ని విడి పంపు అవసరం లేని గొట్టంగా మలిచాడు. ఫ్రాన్స్ చేజారడానికి కొన్నాళ్ల ముందు పారిస్ నుంచి మారిస్ పాంట్ ఆక్సైడు పూత పూసిన కేథోడ్ తెచ్చిచ్చాడు. వెనక్కొచ్చి కేథోడ్ మీద పడే ఎలక్ట్రాన్లు ఆ పూత నుంచి మరిన్ని ఎలక్ట్రాన్లను రాలగొడతాయి. వెళ్లగొట్టబడినవి కూడా పనికొచ్చాయన్నమాట! శక్తి కిలోవాట్లలోకి ఎగబాకింది.

సెప్టెంబరులో బ్రిటన్ పంపిన టిజార్డ్ బృందం ఒక మాగ్నెట్రాన్‌ను పెట్టెలో పెట్టుకుని ఓడెక్కి అమెరికా చేరింది. అక్కడ బెల్ ప్రయోగశాలవాళ్లు దానికి ఎక్స్‌రే తీస్తే చిల్లులు ఎనిమిది కనిపించాయి. వెంట తెచ్చిన నమూనా చిత్రంలో ఆరే ఉన్నాయి. కంగారుపడి లండన్‌ను అడిగారు. చిత్రం గీశాక మెగా ఒకటి ఏడు చిల్లులతో, ఒకటి ఎనిమిదితో చేసి చూశాడట, పెట్టెలోకి ఎనిమిదిది వచ్చిందట. అమెరికావాళ్లు ఎనిమిదికే స్థిరపడ్డారు, బ్రిటన్ చాన్నాళ్లు ఆరుతోనే నడిపింది. 1941లో జేమ్స్ సేయర్స్ ఒకటి విడిచి ఒకటిగా రాగి పళ్లను తీగతో కలిపి, డోలనాలు ఒక లయ నుంచి ఇంకో లయకు జారిపోకుండా కట్టేశాడు.

యుద్ధంలో దీని పని గబగబా చెప్పేస్తాను. జర్మన్ జలాంతర్గాములు మీటరున్నర తరంగాల రాడార్‌ను పసిగట్టే మెటాక్స్ రిసీవర్లు పెట్టుకున్నాయి. పది సెంటీమీటర్ల తరంగం వాటికి వినబడదు. 1943 మే నెల ఒక్కదానిలోనే నలభైకి పైగా జలాంతర్గాములు మునిగాయి. నగరాల మీద బాంబులు వేసే విమానాలకు కూడా అదే రాడార్ నేలను చూపించింది, ఆ సంగతి మరవకూడదు. విమానం శత్రువు చేతికి చిక్కితే మాగ్నెట్రాన్‌ను పేల్చేద్దామంటే గట్టి రాగి దిమ్మ పేలుడు మందుకు లొంగలేదు. అనుకున్నంతా అయింది. 1943 ఫిబ్రవరిలో రాటర్‌డామ్ దగ్గర కూలిన విమానంలో జర్మన్లకు అది దొరికింది.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసిన జపాన్ సంగతేమిటి? వాళ్ల ఇంజినీర్లు రాండాల్ కన్నా ముందే, 1939లోనే, ఇలాంటి మాగ్నెట్రాన్ చేసేశారు. దాన్ని యుద్ధరంగానికి చేర్చడంలో వెనకబడ్డారు.

యుద్ధం ముగిసిన ఏడాది, 1945లో, మాగ్నెట్రాన్ దగ్గర నిలబడ్డ రేథియాన్ కంపెనీ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్ జేబులో చాక్లెట్ కరిగింది, ఓవెన్ పుట్టింది. మన వంటింటి మాగ్నెట్రాన్‌లో చిల్లులకు బదులు రాగి రేకులు నిలబెట్టి అరలు చేస్తారు, తరంగం పన్నెండు సెంటీమీటర్ల చిల్లర. నీటి అణువు సహజ కంపనానికి సరిపోయేలా ఆ తరంగాన్ని ఎంచారని చాలామంది చెబుతారు, నిజం కాదు. ఊగే క్షేత్రం వెంట తిరగబోయి నీటి అణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, అంతే.

ఇక మన తుపాన్లు. ఆకివీడుకు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. వాయుగుండం పట్టిందంటే కొల్లేటి చెరువుల రైతులు ఫోన్లో చూసుకునే బొమ్మ దానిదే. తరంగం పది సెంటీమీటర్లదే. దానికి సత్తువ ఇచ్చేది మాత్రం మాగ్నెట్రాన్ కాదు, ఆనాడు బర్మింగ్‌హామ్‌లో ఓడిన క్లిస్ట్రాన్! చినుకులు ఎంత వేగంతో కదులుతున్నాయో తెలియాలంటే, పంపిన అల ఏ దశలో బయల్దేరిందో, తిరిగొచ్చింది ఏ దశలో ఉందో పోల్చాలి. మాగ్నెట్రాన్ ప్రతి పల్స్‌నూ తనకు తోచిన దశలో మొదలెడుతుంది, పోల్చడానికి ఆధారం ఉండదు. ఈ రాడార్‌లో క్లిస్ట్రాన్ సొంతంగా ఏదీ పుట్టించదు. నిలకడగా వచ్చే అలను పెంచి పంపుతుంది, అందువల్ల లెక్క తప్పదు. మాగ్నెట్రాన్‌వాళ్లు ఊరుకోలేదు. ప్రతి పల్స్ ఏ దశలో బయల్దేరిందో ఆ క్షణంలోనే నమోదు చేసుకుని, తిరిగొచ్చిన అలను దాంతో సరిచూసే రాడార్లు చేశారు. ధర తక్కువ గనక చిన్న వాతావరణ రాడార్లలో అవే నడుస్తున్నాయి.