పెద్దవారి నోటిలో మచ్చలు, పుండ్లు

గేదె పొదుగు గట్టిపడినా, పాలు విరిగినట్లు వచ్చినా ఆ పూటే పశువైద్యునికి చూపిస్తాము. ఇంట్లో పెద్దవారి నోరు మాత్రం ఎన్నడూ చూడము.

వయసు మళ్లినవారి నోటిలో మచ్చలు, పుండ్లు తరచుగా కనిపించేవే. కట్టుడు పళ్లు ఒరుసుకోవడం, విరిగిన పన్ను గీరుకోవడం, పొగాకు వాడకం ఇందుకు ముఖ్య కారణాలు.

ఉత్తర కోస్తా గ్రామాలలో చుట్ట వెలిగిన కొసను నోటిలో పెట్టుకొని తాగే అలవాటు, ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీలలో, ఉన్నది. దానినే అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను నిపుణులు పరీక్షించగా, ఫలితాలు 1971లో వెలువడినవి. అడ్డపొగ తాగేవారి అంగిటిలో తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు, కొందరికి కాన్సరు కూడా కనబడినవి. నిప్పు సెగ, పొగ నేరుగా అంగిటికి తగలడమే ఇందుకు కారణం.

మేము సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు పాలు పోయ వచ్చిన పెద్దమ్మలను అడిగితే, "నొప్పి లేదు కదా బాబూ" అంటారు. చిక్కంతా అక్కడే ఉన్నది. ప్రమాదకరమైన మచ్చ తరచు తొలిదశలో నొప్పి పెట్టదు. మచ్చలన్నీ కాన్సరు కావు. కాని ఏది అవునో కంటితో చూచి తేల్చలేము.

నెలకొకసారి పగటి వెలుతురులో, కట్టుడు పళ్లు తీయించి, అంగిలి, నాలుక అంచులు, బుగ్గల లోపల చూడండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని మచ్చ, గడ్డ ఉంటే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. చుట్ట మానితే కొందరిలో మచ్చలు తగ్గుతవి కూడా.

పొదుగుపై చూపే శ్రద్ధ కన్నతల్లి నోటిపైనా చూపవలెనని కోరుతున్నాము.