వీడిపోవుట వేరు, ఎదుగుట వేరు

ఇల్లు విడిచినవారందరును ఎదుగుదురా? ఎదుగవలెనన్న ఇల్లు విడువక తప్పదా?

హైదరాబాదులోనో డల్లాసులోనో పెద్ద ఉద్యోగము చేయుచు, పదిమందికి పనులు పురమాయించు నలువదియేండ్ల మనిషి, ఆదివారమునాడు ఫోనులో తల్లి "మీ అన్న చేసిన పని విన్నావట్రా?" అన్నంతనే పదేండ్ల బాలుడై సంజాయిషీ చెప్పుకొనుటయో, విసుగుతో ఫోను పెట్టివేసి నెలల తరబడి పలుకకుండుటయో మనమెరుగనిది కాదు. దేహము సముద్రములు దాటినను మనస్సు ఆ ఇంటి వసారాలోనే చిక్కుకొని యున్నదనుటకు వేరొక నిదర్శనమక్కరలేదు.

ఈ చిక్కును జీవితకాలము పరిశీలించిన అమెరికా మనోవైద్యుడు మరే బోవెన్ (1913–1990). 1954 మొదలు మేరీలాండులోని జాతీయ మానసికారోగ్య సంస్థలో, రోగులతోపాటు వారి కుటుంబములను సైతము ఆస్పత్రిలో నివసింపజేసి ఆయన గమనించినది ఇది: ఒకరి కలత మరొకరికి సంక్రమించు బంధముల నడుమ, ఆత్మీయులతో సంబంధము చెడకుండ తన ఆలోచనను తాను నిలుపుకొనజాలుటయే వికాసమునకు కొలబద్ద. బంధమును తెంపుకొని పారిపోవుటను ఆయన వికాసముగా అంగీకరింపలేదు; ఇంట తేలని తగవు దాంపత్యములోను, సంతానముపట్లను మరల తలయెత్తునని హెచ్చరించెను.

తన సిద్ధాంతమును తనపైననే పరీక్షించుకొనుట ఆయన నిజాయితీకి తార్కాణము. టెన్నెసీలోని చిన్న పట్టణములో తన వారి వ్యాపారము చుట్టును అలముకొన్న కలతలలోనికి 1966లో బుద్ధిపూర్వకముగా అడుగిడి, ఒకరిపై నొకరు చెప్పుకొను మాటలను గుట్టుగా దాచక, ఎవరిని గూర్చినవి వారికే జాబులు వ్రాసి, పిమ్మట స్వయముగా ఇంటికి పోయి, కోపించిన తోబుట్టువుల నడుమ ఏ పక్షమును వహింపక, ఎవరిని వీడక నిలిచెను. మరుసటి యేడు ఫిలడెల్ఫియాలోని పండిత సభలో ఈ స్వీయగాథనే వినిపించెను. 1972లో అది అచ్చైనప్పుడు రచయిత పేరు మరుగుననే యుండెను.

అట్లని దూరము దోషము కాదు. దెబ్బలు, అవమానములు, బలవంతపు పెండ్లిండ్లు గల ఇంట ఆత్మరక్షణమే ప్రథమ ధర్మము. అచ్చటినుండి వెడలిన వారిని కృతఘ్నులనుట అన్యాయము. తక్కిన ఇండ్లలో దూరము, కోరికలలో తనవి యేవో, పెద్దలు మోపినవి యేవో నెమ్మదిగా వేరుపరచుకొనుటకు దొరకిన విరామము. ఎందులకు వెడలుచున్నాడో తానెరిగి, ఆ మాట ఇంటివారికి ముఖాముఖి చెప్పి వెడలినవానికి ఆ విరామము ఫలించును. అలిగి వెడలినవానికి అలుకయే తోడు వచ్చును.

ఈ సాధన సంతానముది మాత్రమే కాదు. చదువు, కొలువు, పెండ్లి విషయములలో బిడ్డ "నాకిష్టం లేదు నాన్నా" అన్నప్పుడు, నలుగురేమనుకొందురో యను భయమును అణచుకొని, దానిని ధిక్కారముగాక అభిప్రాయముగా వినగల తలిదండ్రులున్న ఇంట, ఎదుగుటకై పారిపోవలసిన అగత్యము బిడ్డలకు కలుగదు.